ఇసుక, బొగ్గు, గుడ్డ... ఉప్పు మాత్రం పోదు

(మొదటి షాట్: కాకినాడ పక్కన కోరింగ దగ్గర ఉప్పుటేరు, పాటు వేళ, అంటే నీళ్లు వెనక్కి తీసిన సమయం. ఒడ్డంతా బురద. అందులోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన మడ వేర్లు.)

నమస్కారమండీ. అడవిలో బతకడం ఎలా అనే వీడియోలు చూసేవాళ్లకి ఆ సీసా ఫిల్టర్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. సీసా అడుగు కోసి, తలకిందులు చేసి గుడ్డ, బొగ్గు, ఇసుక నింపుతారు. పైన బురదనీళ్లు పోస్తే కింద తేటగా కారతాయి. హీరో గటగటా తాగేస్తాడు. మారేడుమిల్లి వైపు కొండవాగు నీళ్లయితే సరే, దాని పని అది చేస్తుంది. క్రిములు చావడానికి తర్వాత మరిగించుకోవాలి. అదే సీసా చంకనేసుకుని మడ అడవికి వస్తారు చూడండీ, వాళ్లని చూస్తేనే నాకు చిరాకు. మొన్న కూడా ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, చుట్టూ నీళ్లే కదా, ఫిల్టరుంటే చాలదా?"

చాలదు తమ్ముడూ. చేపల పులుసులో ఉప్పెక్కువైందనుకో. పలచటి గుడ్డలో వడకట్టు. ముక్క ఆగుతుంది, కరివేపాకు ఆగుతుంది, చింతపండు పిప్పి కూడా ఆగుతుంది. ఉప్పు ఆగుతుందా? అది కరిగి నీళ్లలోనే ఉంది, నీళ్లు ఎటు పోతే అటే పోతుంది. బొగ్గు కాస్త వాసన లాగుతుందేమో గానీ, ఉప్పు జోలికి పోదు.

"పోనీ మరిగిస్తే?" అదే పులుసుని ఇంకో పావుగంట పొయ్యి మీద ఉంచండి. దగ్గరపడి ఇంకా ఉప్పగా తయారవుతుంది. కానీ మూత తీసి, లోపలి వైపు అంటిన చుక్కని నాలిక మీద వేసుకోండి. చప్పగా ఉంటుంది. ఆవిరితో పాటు ఉప్పు లేవదు. అంటే తాగాల్సింది గిన్నెలోది కాదు, మూతకి పట్టింది. గొయ్యి మీద ప్లాస్టిక్ పట్టా కప్పి ఎండకి నీళ్లు పట్టే పద్ధతి కూడా ఇదే. చూడ్డానికి బాగుంటుంది, రోజంతా కాస్తే గ్లాసో రెండు గ్లాసులో వస్తాయి. మే నెల ఉక్కలో ఆ గొయ్యి తవ్వడానికి కారే చెమట అంతకంటే ఎక్కువ.

సముద్రపు నీళ్లలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. మన మూత్రపిండాలు అంత ఉప్పటి మూత్రం తయారుచేయలేవు. తాగిన ఉప్పుని బయటికి పంపాలంటే ఒంట్లో ఉన్న నీళ్లే ఖర్చు పెట్టాలి. అందుకే తాగేకొద్దీ దాహం.

ఏటి నీళ్లు ఎప్పుడూ ఒకేలా ఉండవు లెండి. వరదల్లో గౌతమి ఎర్రగా పొంగినప్పుడు చప్పబడతాయి. వేసవిలో ధవళేశ్వరం దిగువకి నీళ్లు తగ్గితే సముద్రం పైకి ఎగదన్నుతుంది.

(దగ్గరి షాట్: మడ ఆకు. మీద తెల్లగా, సన్నటి పలుకులు.)

ఇదీ అసలైన ఫిల్టరంటే. ఉప్పు పొన్న చెట్టు చాలా మటుకు ఉప్పుని వేరు దగ్గరే ఆపేస్తుంది. ఈ తెల్ల మడ లోపలికి కొంత రానిచ్చి, ఆకుల మీంచి బయటికి కక్కుతుంది. ఆకు నాకితే ఉప్పు తగులుతుంది. ఆ సీసా వాళ్లందరినీ ఈ చెట్టు దగ్గర ట్యూషన్‌కి పెట్టాలి.

మరి నీళ్లెక్కడ? మడలోపల దొరకవు. రోజుకి రెండుసార్లు పోటు కడిగే బంకమట్టి అది, ఎక్కడ తవ్వినా ఉప్పే. ఇసుక తీరానికి రండి. అలలకి దూరంగా, ఇసుక దిబ్బ దాటాక, సరుగుడు తోటలో తాటిచెట్లో ఉన్న వైపు చెలమ తీయాలి. వాన నీళ్లు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటాయి. మంచినీళ్లు తేలిక కదా. మన పులుసు మీద నూనె తేలినట్టే. గరిటె పైపైన ఆనిస్తే నూనె వస్తుంది, లోతుగా ముంచితే పులుసు వస్తుంది. చెలమా అంతే. తడి ఇసుక తగిలి, గోడల్లోంచి నీళ్లు చెమర్చడం మొదలవగానే ఆపేయాలి. "ఇంకో రెండడుగులు తవ్వితే ఇంకా మంచివి పడతాయి" అనేవాడిని పార దగ్గరికి రానివ్వకండి. ఇంకో తేడా ఉంది. నూనె, పులుసు కలవవు, ఇక్కడ రెండూ నీళ్లే. గబగబా తోడితే కిందది పైకొచ్చి కలిసిపోతుంది. మొదట ఊరిన మడ్డినీళ్లు పారబోసి, తేరుకోనిచ్చి, చిన్న గిన్నెతో పైపైన తీయండి. నాలిక మీద ఒక చుక్క వేసి చూడండి. చప్పగా ఉంటే మరిగించి తాగొచ్చు. బాపట్ల వైపు ఇసుక నేలల్లో దొరువులు, అంటే లోతు తక్కువ నీటి గుంటలు, తీసి పంటలు పండించిందీ ఈ లెక్కమీదే.

(కెమెరా వెనక నుంచి చెయ్యి ఊపుతున్నారు.)

ఆ, టైమైపోయిందట. మిగతావి గబగబా చెప్పేస్తా. తిల్ల చెట్టు కొమ్మ విరవకండి, పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మంట పెట్టడం, వంట చేయడం ఇక్కడ కుదరవు, 1978 నుంచి ఇది అభయారణ్యం. బురదలో కాలు దిగబడితే లాగి లాగి రెండో కాలు కూడా దింపుకోకండి. వెనక్కి వాలి, బరువు పరుచుకుని, మెల్లగా ఆడిస్తూ తీయండి.

పోటు, పాటు మధ్య ఆరు గంటల పైచిలుకు. రోజురోజుకీ పోటు వేళ 50 నిమిషాల దాకా ఆలస్యమవుతుంది. అమావాస్యకి, పౌర్ణమికి నీళ్లు బాగా పైకొస్తాయి, బాగా కిందికీ పోతాయి. కాబట్టి పాటులో పడవ బురదలో కూర్చుంటే దిగి నడవకండి. పడవలోనే నీడ చూసుకుని కూర్చోండి, పోటొచ్చి అదే లేపుతుంది. మనిషికి మూడు లీటర్ల మంచినీళ్లు పడవ ఎక్కేముందే సర్దుకోండి. ఆ కోసిన సీసాలో కాదు, మూత ఉన్నదాంట్లో.