కవరు మీది సంతకం: 187 ఓట్లతో తేలిన సీటు

[తెర మీద: పోస్టల్ బ్యాలెట్ కవరు. సంతకం గీత దగ్గరగా.]

ఈ కవరు చూడండి. లోపల ఓటు, పైన ఓటరు సంతకం. 2024లో కాలిఫోర్నియా 13వ కాంగ్రెస్ డిస్ట్రిక్ట్, అంటే అమెరికా దిగువ సభ హౌస్‌కు ఒక నియోజకవర్గం, ఎవరిదో ఇలాంటి కవర్లే తేల్చాయి.

[మ్యాప్: సెంట్రల్ వ్యాలీ, మెర్సెడ్ కౌంటీ]

బాదం తోటలు, పాడి, కాలవ నీళ్ల తగువులు. అప్పటి సిట్టింగ్ సభ్యుడు జాన్ డువార్టే రిపబ్లికన్, రైతు. ఆయన మీద నిలబడిన ఆడమ్ గ్రే డెమోక్రాట్, రాష్ట్ర అసెంబ్లీలో పనిచేసినాయన. 2022లోనూ వీళ్లిద్దరే తలపడితే డువార్టే 564 ఓట్లతో గట్టెక్కారు.

2024 నవంబర్ 5 రాత్రి కూడా డువార్టేదే పైచేయి. తర్వాత రోజురోజుకూ ఆధిక్యం కరుగుతూ వచ్చింది. మనకు పొద్దున ఈవీఎంలు తెరిస్తే సాయంత్రానికి తేలిపోతుంది కాబట్టి, ఇలాంటిది చూస్తే అనుమానం రావడం సహజమే. అసలు జరిగేది ఇదీ.

అక్కడ నమోదైన ప్రతి ఓటరుకూ బ్యాలెట్ పోస్టులో ఇంటికొస్తుంది. పోలింగ్ రోజుకల్లా పోస్టు ముద్ర పడి, వారంలోపు చేరితే లెక్కలోకి తీసుకున్నారు. కవరు రాగానే విప్పరు. ముందు దాని మీది సంతకాన్ని రికార్డులో ఉన్నదానితో పోలుస్తారు. కలవకపోతే ఓటరుకు ఉత్తరం వెళ్తుంది, ఇది మీదేనా అని. ఏళ్ల కిందట పెట్టిన సంతకం, ఇప్పుడు చెయ్యి వణుకుతుంటే పెట్టిన సంతకం ఒక్కలా ఎలా ఉంటాయి? అందుకే పోలింగ్ అయిపోయాక కూడా పార్టీల వాళ్లు ఇళ్ల తలుపులు తట్టారు, మీ సంతకం సరిచేసుకోండి అని. ఒక్క ముసలాయన ఓటు కోసం అన్ని రోజులు ఆగడం నాకు ఆలస్యంగా అనిపించదు, గౌరవంగా అనిపిస్తుంది.

[తెర మీద: 1,05,554 – 1,05,367]

డిసెంబర్ 3న డువార్టే ఓటమి ఒప్పుకున్నారు. తేడా 187. అధ్యక్ష పదవికి ట్రంప్‌కే మొగ్గిన డిస్ట్రిక్ట్ ఇది! దేశంలో చివరగా తేలిన హౌస్ సీటూ ఇదే. దీంతో రిపబ్లికన్లు 220, డెమోక్రాట్లు 215. ఆ ఫలితాల లెక్కన, అందరూ హాజరైన రోజున ముగ్గురు రిపబ్లికన్లు అటు ఓటేస్తే చాలు, బిల్లు వీగిపోయేది.

కాలిఫోర్నియాలో పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఒక మాట. డ్రైవింగ్ లైసెన్సు మీద తెలుగులో సంతకం పెట్టి, కవరు మీద ఇంగ్లీషులో పెడితే మీకూ ఆ ఉత్తరం రావచ్చు. పక్కన పడేయకండి, వెంటనే విప్పి జవాబివ్వండి.