చక్రం వణికితే దోషం సబ్బుది!

ఈ గీత చూడండి. మా ఆవిడ గోళ్ళరంగు సీసా బతిమాలి తెచ్చి వేసిన గీత ఇది. సగం రిమ్ము మీద, సగం టైరు మీద, సరిగ్గా వాల్వుకు ఎదురుగా. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకు మీదికి కారు దిగే ముందు తీసిన ఫొటో. ఇప్పుడు రెండో ఫొటో. అదే చక్రం, అదే రోజు, మూడో విడత పరుగు అయ్యాక. రిమ్ము మీది సగం వాల్వు దగ్గరే ఉంది. టైరు మీది సగం ఎక్కడికి పోయింది? ఇదిగో, జానెడు దూరంలో కూర్చుంది!

గీత తనంతట తాను నడవదు కదండీ. టైరే రిమ్ములో జారింది. ఎందుకు జారింది? టైరు రిమ్ములోకి సులువుగా ఎక్కాలని దాని అంచుకు రాసే సబ్బు వల్ల. ఈ వీడియోలో నేను చెప్పేది ఈ ఒక్క మాటే, విసుగొచ్చేదాకా చెబుతాను. దోషం సబ్బుది.

రేసు కారు టైర్లు ఇంట్లోనే ఎక్కించి, బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేట్టు రిమ్ముకు సీసం ముక్కలు అంటించడం, అది కూడా ఇంట్లోనే చేసి పోయిన వీడియోలో చూపించాను. దానికి మీరు పెట్టిన చివాట్లు అన్నీ చదివాను. కంప్యూటర్ యంత్రం లేకుండా బ్యాలెన్సింగ్ ఏమిటన్నారు. ఎవరి ప్రాణం తీస్తావన్నారు. రొయ్యల చెరువు గట్టున కూర్చుని రేసు కబుర్లా అని ఒకాయన. అవునండీ, చెరువు గట్టునే. మన డెల్టాలో రేసు ట్రాకు లేదు, ఉన్నవి గట్లే!

యంత్రాన్ని నమ్మనివాడినేమీ కాదు. మొదటిసారి నేనూ పట్టణంలో ఒక దుకాణానికే వెళ్ళాను. అక్కడి కుర్రవాడు బకెట్టులో నురగలు కక్కుతున్న సబ్బునీళ్ళలో కుంచె ముంచి, గోడకు సున్నం వేసినట్టు టైరు అంచు చుట్టూ పూశాడు. ఎక్కించాడు, తిప్పాడు, సీసం ముక్కలు అంటించాడు. యంత్రం సున్నా చూపించింది, అంటే బరువులో తేడా లేదని. డబ్బులిచ్చి, కారును లారీ మీదికి ఎక్కించి, ఆ రాత్రే బయలుదేరాం. మర్నాడు ట్రాకు మీద వంద దాటగానే స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ఇంటికొచ్చి బేరింగులు మార్చాను. అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించాను. ఆ దుకాణాన్ని ఊరంతా తిట్టాను. ఇప్పుడు సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ యంత్రం అబద్ధం ఆడలేదు. అది చూపించిన సున్నా నిజమే. కాకపోతే అది ఆ సాయంత్రపు సున్నా.

కొంచెం లెక్క చెబుతాను, పారిపోకండి. నా కారుకు 13 అంగుళాల రిమ్ములు. టైరులో ఒకచోట 30 గ్రాములు బరువెక్కువ ఉందనుకోండి. గంటకు 150 కిలోమీటర్ల వేగంలో ఆ 30 గ్రాములు దాదాపు 12 కిలోల బలంతో చక్రాన్ని లాగుతాయి, అదీ సెకనుకు 24 సార్లు దిక్కు మారుస్తూ. 50 కిలోమీటర్ల వేగంలో అదే బలం కిలోన్నర కూడా ఉండదు. వేగం మూడింతలైతే బలం తొమ్మిదింతలు. అందుకే సంతకు వెళ్ళేటప్పుడు తెలియని వణుకు ట్రాకు మీద తెలుస్తుంది.

ఆ బరువుకు ఎదురుగా రిమ్ముకు 30 గ్రాముల సీసం అంటించారు. సరిపోయింది. ఇప్పుడు టైరు జారింది. సీసం రిమ్ముతోనే ఉండిపోయింది, బరువు మాత్రం టైరుతో పాటు ప్రయాణం కట్టింది. ఆరో వంతు చుట్టు జారితే తేడా మళ్ళీ 30 గ్రాములు, అంటే మీరు పెట్టిన సీసం దండగ. పావు చుట్టు జారితే 42 గ్రాములు! అసలు సీసమే పెట్టకపోతే ఇంతకన్నా నయం. నాది జానెడు జారింది, ఇంచుమించు అయిదో వంతు. లెక్క వేసుకోండి.

ఇంకో సాక్ష్యం. టైరు ఏ వైపుకు జారింది? ముందుకు. బ్రేకు నొక్కినప్పుడు రిమ్ము ఆగబోతుంది, రోడ్డేమో టైరును ముందుకే తిప్పుతుంది. ఇంజను లాగుడుకు జారితే వెనక్కి జారాలి. కాబట్టి మలుపు ముందు గట్టిగా బ్రేకు పడిన ప్రతిసారీ కాస్త కాస్త నడిచింది. గాలి తక్కువ పెట్టి ఉంటావని ఒకాయన. అయ్యా, అంతకుముందు జారని రోజున కూడా అంతే గాలి పెట్టాను. ఆ రోజుకూ ఈ రోజుకూ తేడా ఒక్కటే. అప్పుడు తడిగుడ్డతో అద్దినట్టు సబ్బు రాసి, రెండు రోజులు ఎండలో పెట్టాను. ఈసారి తొందర పడ్డాను. రెండు ప్రయాణాలకే సిద్ధాంతమా అంటారు. అవును, సిద్ధాంతమే!

అసలు మన గోదావరి గాలిలో సబ్బు ఆరుతుందా? శ్రావణమాసంలో మా అమ్మ మేడ మీద, నడి ఎండలో పెట్టిన వడియాలే ఆరవు. టైరు అంచుకూ రిమ్ముకూ మధ్య, గాలి చొరబడని సందులో, సబ్బునీళ్ళు ఒక్క రాత్రిలో ఆరుతాయా? అనంతపురం వాళ్ళకు ఈ బాధ ఉండదని నా నమ్మకం.

కోనసీమ వాడివి, కొబ్బరినూనె రాయవచ్చు కదా అని సలహా. దయచేసి వద్దు. సబ్బు ఎప్పటికైనా ఆరుతుంది, నూనె ఆరదు. గ్రీజు, ఇంజనాయిలు అసలే వద్దు, అవి రబ్బరును తినేస్తాయి.

జారకుండా టైరు బిగించడం ఎవరికి తెలుసో చెప్పనా? మన కమ్మరికి. ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టా వేయడం చూసిన వాళ్ళు ఉన్నారా? పట్టాను చక్రం కన్నా పిసరంత చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పట్టకార్లతో ముగ్గురు పట్టుకొచ్చి చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తారు. బుస్సుమని పొగ, పట్టా ముడుచుకుని చెక్కను కరిచి పట్టుకుంటుంది. ఎక్కడైనా సబ్బు ఉందా అందులో?

మంట అనగానే గుర్తొచ్చింది. టైరులో పెట్రోలు చల్లి అగ్గిపుల్ల గీసి ఢామ్మని కూర్చోబెట్టే వీడియోలు నాకు పంపడం ఆపండి. అది పని కాదు, చావు. ఇంట్లో చేసేటప్పుడు రెండే గుర్తుంచుకోండి. ఒకటి, రిమ్ము మధ్యలో పల్లం ఉంటుంది. ఒక వైపు అంచును మోకాలితో ఆ పల్లంలోకి నొక్కి ఉంచితేనే ఎదుటి వైపు లివరుకు లొంగుతుంది. బలం చూపిస్తే అంచులోని తీగ తెగుతుంది. రెండు, గాలి పట్టేటప్పుడు టైరు అంచులు రెండూ రిమ్ములో కూర్చుంటూ టప్పు, టప్పు అని రెండు చప్పుళ్ళు వస్తాయి. 40 పౌండ్ల దాకా వచ్చినా చప్పుడు రాలేదా, ఆపేయండి, గాలి తీసి మళ్ళీ మొదటినుంచి. చక్రం మీదికి వంగి నిలబడకండి.

బ్యాలెన్సింగ్ అయితే తిరగలి తిప్పినంత సులువు. మంచి బేరింగుల మీద ఒక ఇరుసు, దానికి చక్రం. వదిలేస్తే బరువైన వైపు కిందికి వస్తుంది. సరిగ్గా పైన బరువు అంటించాలి. ఎక్కడ ఆపితే అక్కడ నిలిచేదాకా అదే పని. సరైన బరువు దొరికేదాకా నేను వాడేది ఇవి, సఖినేటిపల్లిలో విసురువలల అంచుకు కట్టే సీసపు గుళ్ళు. టేపుతో అంటించి చూసి, ఆ తర్వాత అసలు ముక్కలు పెడతాను. నావి సన్న టైర్లు కాబట్టి ఇది చాలు. వెడల్పు టైర్లకు లోపలి అంచు, బయటి అంచు విడివిడిగా చూడాలి, వాటికి యంత్రమే కావాలి. వెళ్ళండి, కానీ సబ్బు ఆరాక వెళ్ళండి.

నమ్మని వాళ్ళ కోసం ఒకటి దాచాను. ఇది అయిదో చక్రం. మిగతా నాలుగింటితో పాటే, అదే సబ్బుతో ఎక్కించాను. ట్రాకు ఎక్కలేదు, షెడ్డులోనే ఉంది. ఇవాళ్టికి ఆరో రోజు. బావా, గాలి తీసేయి. ఆ జాకీ ఇటు పెట్టి అంచు నొక్కు. ఇంకొంచెం. వచ్చింది. వేలు పెడుతున్నాను చూడండి, ఇదిగో, తడి. బావా, కెమెరా ఇటు తిప్పు, నురగ కూడా వస్తోంది!