సిటీ ఆఫ్ గాడ్: ఒక్క గదిలో చెప్పిన గ్యాంగ్ కథ

[స్క్రీన్ మీద: రాతి మీద నూరుతున్న కత్తి]

కత్తి నూరుతున్నారు. పక్కనే ఒక కోడి ఈకలు పీకుతున్నారు. కాలికి తాడు కట్టి ఉన్న ఇంకో కోడి అదంతా చూస్తోంది. ఎలాగో తాడు విడిపించుకుని పరుగు అందుకుంటుంది. దాని వెనకే తుపాకులు పట్టుకున్న కుర్రాళ్లు, నవ్వుకుంటూ, కేకలేసుకుంటూ.

2002లో వచ్చిన బ్రెజిల్ సినిమా 'సిటీ ఆఫ్ గాడ్' ఇలా మొదలవుతుంది. ఫెర్నాండో మెయిరెలెస్ దర్శకుడు, కాతియా లుండ్ సహ దర్శకురాలు. దీన్ని అందరూ స్టైలిష్ సినిమా అంటారు. నిజమే. కానీ ఆ స్టైల్ తీసేస్తే ఇందులో సగం కథ మనకి తెలియదు. అది ఎలాగో ఈ వీడియోలో చూద్దాం.

ముందు ఊరి సంగతి. సిటీ ఆఫ్ గాడ్ నిజంగా ఉన్న పేటే. రియో డి జనీరోకి పడమటి వైపు ఉంటుంది. 1960లలో నగరం లోపలి గుడిసెలు ఖాళీ చేయించి, అక్కడి జనాన్ని తెచ్చి ఇక్కడ కొత్తగా కట్టిన ఇళ్లలో పెట్టారు. ఇక్కడే పెరిగిన పౌలో లిన్స్ 1997లో రాసిన నవల ఈ సినిమాకి ఆధారం.

[స్క్రీన్ మీద: వరసగా ఒకేలా కట్టిన ఇళ్లు, మట్టి మైదానం]

అరవైల భాగం చూడండి. ఎండ బంగారు రంగులో ఉంటుంది. ముగ్గురు కుర్రాళ్లు గ్యాస్ లారీని ఆపి దోచుకుంటారు, ఆ సందట్లో పేట జనం సిలిండర్లు ఎత్తుకుపోతారు. దొంగతనమే, కానీ ఇంకా ఆటలా ఉంటుంది. డెబ్బైలకి వచ్చేసరికి రంగులు పెరుగుతాయి, కెమెరాకి కుదురు తగ్గుతుంది. చివరికి వెలుగు చల్లబడిపోతుంది, కెమెరామన్ సెసార్ షార్లోన్ చేతిలోని కెమెరా వణుకుతూ సందుల్లో పరిగెడుతుంది. మొదట్లో ఆకాశం కనిపించిన ఊళ్లో ఇప్పుడు గోడలే కనిపిస్తాయి.

ఇక నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేని సీన్. ఒక అపార్ట్‌మెంట్ గది. కెమెరా ఒక మూల కూర్చుంటుంది, అక్కణ్ణుంచి కదలదు. మొగుడు పోయిన ఒకావిడ పిల్లల్ని పోషించుకోవడానికి ఆ గదిలో మత్తు సరుకు అమ్మడం మొదలుపెడుతుంది. అప్పుడు అది ఇల్లు. తర్వాత అది ఒకడి చేతికి, వాడి నుంచి ఇంకొకడి చేతికి పోతుంది. మనుషులు ఒకరిలోకి ఒకరు కరిగిపోతూ మారుతుంటారు. సామాన్లు మాయమవుతాయి, గోడలు మాసిపోతాయి. ఏళ్లకేళ్లు కాసేపట్లో గడిచిపోతాయి. ఆఖరికి తలుపు బాదుతూ గ్యాంగ్ లీడర్ లిల్ జె వస్తాడు. ఒక సంసారం ఎలా అడ్డా అయిందో చెప్పడానికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. గదిని చూస్తూ కూర్చోబెట్టారు, అంతే.

ఇంత విన్యాసం తెలిసిన సినిమా ఒక చోట మాత్రం అవన్నీ పక్కన పెట్టేస్తుంది. దుకాణాలు దోచుకుంటున్న చిన్నపిల్లల్లో ఇద్దరిని లిల్ జె పట్టుకుంటాడు. తూటా చేతికా, కాలికా, కోరుకోమంటాడు. ఆ ఇద్దరిలో చిన్నవాడు పాలపళ్ల వయసు పిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తాడు. అది నటన అని తెలిసినా నేను ఇప్పటికీ ఆ ముఖం వైపు నిలకడగా చూడలేను.

ఆ నటన ఊరికే రాలేదు. నటుల్లో ఎక్కువమంది రియో ఫవేలాల నుంచి, అంటే అక్కడి బస్తీల నుంచి, ఏరుకున్న కుర్రాళ్లు. నెలల తరబడి వర్క్‌షాప్ పెట్టి, డైలాగులు బట్టీ పట్టించకుండా, సందర్భం చెప్పి వాళ్ల మాటల్లోనే మాట్లాడించారు.

2004లో దర్శకత్వం, స్క్రీన్‌ప్లే, ఛాయాగ్రహణం, ఎడిటింగ్ విభాగాల్లో ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. ఒక్కటీ గెలవలేదు. అంతకన్నా నన్ను ఆలోచింపజేసింది ఆ పేటవాడే అయిన రాపర్ ఎమ్.వి. బిల్ మాట. సినిమా వల్ల అక్కడి జనం మీద మచ్చ ఇంకా ముదిరిందని ఆయన బహిరంగంగానే తప్పుపట్టాడు. సినిమా అంటే నాకెంత ఇష్టమైనా ఆ మాట తోసేయలేను. ఆ పేటలో పొద్దున్నే లేచి బస్సెక్కి పనికి పోయే వేలమంది ఈ కథలో పక్కనుంచి కనిపించి పోతారు.

[స్క్రీన్ మీద: ఖాళీ సందు]

చివరి సీన్‌లో లిల్ జెని చంపేది పెద్ద గ్యాంగులు కాదు, ఆ చిన్నపిల్లలే. చంపేసి సందులోంచి నడిచిపోతూ, తర్వాత ఎవరెవర్ని చంపాలో పేర్లు చెప్పుకుంటుంటారు. లిస్టు రాసుకుందామంటే, రాయడం ఎవరికొచ్చు అన్న ప్రశ్న వస్తుంది.