ఉపవాసం ఎవరిది, వంట ఎవరిది?

గురువులకు, సిస్టర్లకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు వందనాలు.

ఇప్పటిదాకా యేసు సిలువ మోసిన దారిని తలుచుకుంటూ సిలువ మార్గం 14 స్థలాలూ చేసి వచ్చారు. చిన్నపిల్లలు ఆకలితో ఉన్నారు. ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఈస్టర్‌కు ముందు వచ్చే ఈ తపస్కాలంలో ఇంటి భోజనం గురించి మాట్లాడమని ఫాదర్ గారు అడిగారు. నేను బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, దేవశాస్త్రం చదవలేదు. నాకు తెలిసింది వంటిల్లు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మా నాన్నది కాజీపేటలో రైల్వే ఉద్యోగం. తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం నుంచి ఈస్టర్ దాకా మా ఇంట్లో చియ్యకూర వండేవాళ్లు కాదు. ఆ మాట బడిలో గొప్పగా చెప్పుకునేదాన్ని. కానీ ఆ రోజుల్లో మా అమ్మ ఏం చేసేదో ఇప్పుడు తలుచుకుంటే గుండె పట్టేస్తుంది. ముక్క లేదని నాన్నకు ముద్ద దిగదు, అందుకని పప్పుతో పాటు మామిడికాయ తొక్కు, వడియాలు. అన్నయ్య పప్పు ముట్టడు, వాడికి ఆలుగడ్డ వేపుడు. నాకు, చెల్లెకు కోడిగుడ్డు. మామూలు రోజు ఒక్క కూరతో సరిపెట్టే ఇంట్లో తపస్కాలం వస్తే మూడు గిన్నెలు పొయ్యెక్కేవి. అందరం తిన్నాక అమ్మ పొయ్యి పక్కనే పీట వేసుకుని, అన్నంలో గంజి పోసుకుని, ఉప్పు వేసుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుని తినేది. ఉపవాసం ఇంటిల్లిపాదిదీ అనుకున్నాం. చేసింది ఆమె ఒక్కతే. వండిందీ ఆమే.

ఈ రోజు నేను చెప్పదలుచుకున్నదంతా ఆ పీట దగ్గరే ఉంది. మాంసం మానేసి, దాని బదులు ఇంట్లో ఒక మనిషికి రెట్టింపు పని పెడితే అది ఏం తపస్సు?

మన కతోలిక తిరుసభ మన మీద మోయలేని బరువేమీ పెట్టలేదు. 1983 నాటి తిరుసభ చట్టసంహిత ప్రకారం ఉపవాసమూ మాంస విసర్జనా రెండూ కలిసి పాటించాల్సింది రెండే రోజులు: విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం అంటే గుడ్ ఫ్రైడే. తపస్కాలంలోని మిగతా శుక్రవారాలు మాంసం మానితే చాలు. అదీ 14 ఏళ్లు నిండినవాళ్లకు. ఉపవాసం 18 నిండిన దగ్గర నుంచి 59 నిండేదాకానే. ఉపవాసమంటే పచ్చి నీళ్లు కూడా తాగకపోవడం కాదు. ఒక పూట కడుపునిండా భోజనం, మిగతా రెండు పూటలు కొంచెం ఏదైనా. ఆదివారాలు తీసేస్తేనే 40 రోజులు. నలభై రోజులూ నీసు ముట్టకపోవడం మన పెద్దవాళ్లు ప్రేమతో పెట్టుకున్న అలవాటు. మంచి అలవాటే, నేనూ పాటిస్తాను.

వయసు సంగతి ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, మా నాన్న 66 ఏళ్ల వయసులో షుగర్ మాత్ర వేసుకుని, విభూది బుధవారం ఏమీ తినకుండా పూజకు వచ్చి, బెంచీ మీదే ఒరిగిపోయారు. పంచదార నీళ్లు తాగిస్తే తేరుకున్నారు. మాకు టెన్షన్ తగ్గడానికి రెండు రోజులు పట్టింది. అక్కా, మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు ఉంటే వాళ్లకు వేళకు అన్నం పెట్టండి. అది పాపం కాదు.

ఇక చేప. శుక్రవారం చేప తినొచ్చు, నిజమే. కానీ మన దగ్గర కొర్రమీను అంటే ఏమిటి? తెలంగాణ రాష్ట్ర చేప అది. ధర కూడా ఎక్కువే. చింతపండు చిక్కగా పిసికి, మెంతిపొడి వేసి కొర్రమీను పులుసు పెడితే వీధి చివర దాకా వాసన వస్తుంది. ఒక శుక్రవారం నేను అదే వండి చుట్టాలను పిలిచాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ రాత్రి గిన్నెలు తోముతూ ఉంటే నాకే సిగ్గేసింది. నియమం తప్పలేదు, కానీ ఆ రోజు పండుగ చేసుకున్నాను.

మరి ఏం వండాలి? మన నేల మీదే జవాబుంది. జొన్న రవ్వ ఉడికించి చేసే జొన్న గట్క, పచ్చి పులుసు. పచ్చి పులుసుకు పొయ్యి దగ్గర నిలబడే పని దాదాపు లేదు. చింతపండు నానబెట్టి పిసకాలి. రెండు పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి ఉప్పుతో నలపాలి. ఉల్లిగడ్డ సన్నగా తరిగి చేత్తోనే గట్టిగా పిసికితే దాని ఘాటు పులుసులోకి దిగుతుంది. వేయించిన నువ్వుల పొడి ఒక చెంచా, కొత్తిమీర. చివరగా జీలకర్ర, కరివేపాకు పోపు. పదిహేను నిమిషాల పని. ఈ ఎండల్లో అమ్మ పొయ్యి దగ్గర నుంచి పక్కకు వచ్చి మనతో పాటు కూర్చుంటుంది. గంగవాయిలి పప్పు చేసుకోండి, పుంటికూర చేసుకోండి, ఒక పూట సర్వపిండితో సరిపెట్టుకోండి. ఏది చేసినా ఒక్కటే చేయండి, అందరూ అదే తినండి, అందరూ ఒకేసారి కూర్చోండి.

సర్వపిండి అంటే గుర్తొచ్చింది. మా పక్కింటి కేరళ ఆమె పవిత్ర గురువారం రాత్రి పెసహా అప్పం చేస్తుంది. అదీ బియ్యప్పిండే, పులియబెట్టరు. ఇంటి పెద్ద ప్రార్థన చేసి, తుంచి, ఒక్కొక్కరి చేతిలో పెడతాడు. పోయినేడు మమ్మల్నీ పిలిచింది. ఆ ముక్క అందుకున్నప్పుడు నాకు మా సర్వపిండే గుర్తుకొచ్చింది. మనమూ ఆ రాత్రి ఇంట్లో అలా తుంచి పంచుకుంటే ఎంత బాగుంటుంది!

ఇంకో వైపు ఇంట్లో ఉండేవాళ్లు ముస్లింలు. ఈ 2026లో విభూది బుధవారం ఫిబ్రవరి 18న వచ్చింది, మరునాడే రంజాన్ మొదలైంది. పోయిన శుక్రవారం ఇఫ్తార్ వేళకు ఆ ఇంటి కోడలు హలీం గిన్నె తెచ్చింది. శుక్రవారం కదా, తినకూడదు. కాదంటే ఆ పిల్ల మనసు నొచ్చుకుంటుంది. తీసుకుని ఫ్రిజ్‌లో పెట్టి శనివారం తిన్నాం. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని బొబ్బర్ల గుడాలు పోసి పంపాను. ఆమెతో ఉన్న మాట చెప్పాను. "మీకూ రోజాయేనా అమ్మా?" అని సంబరపడింది.

విభూది బుధవారం తర్వాత వచ్చే శుక్రవారం పూజలో యెషయా 58వ అధ్యాయం చదువుతారు. ఆకలిగొన్నవాడితో నీ ఆహారం పంచుకోవడమే నాకు కావలసిన ఉపవాసం అంటాడు దేవుడు. అమ్మ దీన్ని చదవలేదు, ఆమెకు అక్షరాలు రావు. కానీ బియ్యం కొలిచి చేటలో పోశాక, అందులో నుంచి ఒక పిడికెడు తీసి ఆకలిగొన్నవాళ్ల కోసం డబ్బాలో వేసేది. రెండు పూటలా. ఈ మధ్య నా పిడికిలి తూచి చూశాను, సుమారు 40 గ్రాములు. నలభై రోజులకు మూడు కిలోల పైనే అవుతుంది. అమ్మ ఆ పిడికెడు డబ్బాలో వేసేటప్పుడు బియ్యం వేళ్ల సందుల్లోంచి జారేవి. జారినవి మళ్లీ ఏరి డబ్బాలోనే వేసేది, చేటలో కాదు.

ఫాదర్ గారితో మాట్లాడాను. వచ్చే శుక్రవారం సిలువ మార్గం అయ్యాక ఇదే హాల్లో అందరం కలిసి తిందాం. జొన్న గట్క, పచ్చి పులుసు, అంతే. గట్క సంగతి సిస్టర్లు చూసుకుంటామన్నారు. అక్కచెల్లెళ్లు ఆ రోజు వంటింట్లోకి రావద్దు, ముందు వరుసలో కూర్చోండి. అన్నదమ్ములు నాలుగింటికే రండి, రెండు కుండలకు సరిపడా చింతపండు పిసకాలి, ఉల్లిగడ్డలు తరగాలి. కత్తిపీటలు నేను తెస్తాను. ఇంట్లో బియ్యం డబ్బా నిండినవాళ్లు దాన్నీ తెచ్చుకోండి.