మెట్టు కింద పీట

(మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచలో పెద్దవాళ్ల సమావేశంలో ఓ రిటైర్డ్ కండక్టర్ ప్రసంగం)

అమ్మలకు, అన్నలకు, వెనక నిలబడ్డ పిల్లలకు నమస్కారం. నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. ఆలాపల్లి రోడ్డు మీద టికెట్లు కొట్టీ కొట్టీ రిటైరైనవాణ్ణి. అయినా ఒప్పుకున్నాను. ఎవరికి బీపీ ఉంది, ఎవరి కోడలికి నెలలు నిండాయి, ఎవరు టీబీ గోలీలు మధ్యలో మానేశారు, ఇవన్నీ చాలాసార్లు డాక్టరు కన్నా ముందు కండక్టరు చెవిన పడతాయి.

ఒక సంగతి చెప్పాలి, నా తప్పే. ఎండాకాలం, బస్సు లేటు. ఓ అవ్వ చెట్టు కింద నుంచి లేచి వచ్చింది. చేతిలో మందుల చీటీ పెట్టుకున్న ప్లాస్టిక్ సంచి. మెట్టు మీద కాలు పెట్టబోతే అందలేదు. రాడ్ పట్టుకుని మళ్లీ చూసింది. "జర ఆగు కొడుకా, కాలు లేస్తలేదు" అంది. లోపల జనం అరుస్తున్నారు. "వెనకాల జీపొస్తది అవ్వా" అని బెల్లు కొట్టేశాను.

నెలన్నర తర్వాత ఆ ఊరివాళ్లే చెప్పారు, అవ్వకు పక్షవాతం వచ్చిందని. ఆ రోజు ఇంటికి తిరిగిపోయాక మళ్లీ దవాఖాన మొహం చూడలేదట. గోలీలు అయిపోయాయట. నా బెల్లు వల్లే వచ్చిందని ఏ డాక్టరూ అనడు. బీపీ గోలీలు ఆపేస్తే అలా జరగొచ్చని మాత్రం అంటారు. నాకు అది చాలు.

ఆ తర్వాత మా ఆవిడ కూరగాయలు తరుక్కునే పీట తెచ్చి డ్రైవర్ సీటు కింద పెట్టాను. జానెడు ఎత్తు ఉంటుంది. ముసలివాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు కనబడితే దిగి మెట్టు ముందు వేసేవాణ్ణి. అరనిమిషం పని. మొదట్లో కుర్రాళ్లు నవ్వారు. ఇంట్లో మాత్రం కొత్త పీట కొనేదాకా గొడవే.

నగరాల్లో తిరిగే లో-ఫ్లోర్ బస్సుల్లో లోపలి గచ్చు నేలకు 400 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. ఇక్కడ మెట్లెక్కాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, అందులో 41వ సెక్షన్ రవాణా గురించే. చట్టం వచ్చింది గానీ, పీట మా ఇంటిదే.

ఇక టికెట్. మహారాష్ట్ర ఎస్టీ బస్సుల్లో, అంటే మన సర్కారు బస్సుల్లో, 75 ఏళ్లు దాటినవాళ్లకు 2022 నుంచి ఉచితం, ఆడవాళ్లకు 2023 మార్చి నుంచి సగం టికెట్. మంచిదే. గోదావరి వంతెన దాటి తెలంగాణలోకి, కాళేశ్వరం వైపు పోతే లెక్క మారుతుంది. అక్కడ 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఉచితమే, కానీ ఆ రాష్ట్రంవాళ్లకే. అటు ఇచ్చిన కూతురికి జీరో టికెట్. కాన్పుకు తోడుగా వరంగల్ దాకా పోయే మన తల్లికి పూర్తి టికెట్.

మన గడ్చిరోలి జిల్లాలో సికిల్‌సెల్, అంటే రక్తకణాలు కొడవలిలా వంకరపోయే జబ్బు, ఉన్న పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఒంట్లో నీరు తగ్గినా, బాగా అలసినా నొప్పులు తిరగబెడతాయి. అలాంటి పిల్లను కిక్కిరిసిన జీపులో కుక్కి, ఎండలో గంటలు గంటలు తీసుకుపోతే మందుకని పోయి నొప్పి కొని తెచ్చినట్టే.

ఇంట్లో ఎవరికైనా బాగా లేకపోతే మనం ముందు అడిగే మాట ఏమిటి? "పోవడం సరే, మళ్లొచ్చేదెట్లా?" గడ్చిరోలి ఇక్కడికి 200 కిలోమీటర్ల దూరం. రక్త పరీక్ష రిపోర్టు మధ్యాహ్నం దాటాక ఇస్తారు, అప్పటికి మన బస్సు వెళ్లిపోతుంది. రిపోర్టు వదిలేసి వచ్చేసినవాళ్లను ఎంతమందిని చూశానో. అందుకే నేను మరిన్ని బస్సులు కావాలని గోల చేసేవాళ్లలో లేను. ఉన్న బస్సు టైము ఓపీ టైముతో కలపండి చాలు అంటాను.

జబ్బు లేనివాళ్ల మాట కూడా. అంగడి రోజు ఒక తాత ఎక్కేవాడు. ఏమీ కొనడు. చాయ్ తాగి, నలుగురితో మాట్లాడి, అదే బస్సులో తిరిగొచ్చేవాడు. వానలకు రోడ్డు తెగి బస్సు ఆగినప్పుడు ఇంట్లోవాళ్లకు ఆయనతో చస్తున్నామనిపించిందట.

బయట బల్ల మీద కాగితం పెట్టాను. ఊరి పేరు, బస్సెక్కే చోటు, దవాఖానకు ఏ రోజు పోతారో రాయండి. రాయడం రానివాళ్లు నాకు చెప్పండి, నేను రాస్తాను. సోమవారం డిపోకు పట్టుకెళ్తున్నాను.