18 నిండిందా? ఓటరు కార్డు, ఎల్‌ఎల్‌ఆర్ ఒకే సిట్టింగ్‌లో

హాయ్ అండీ, నేను సరిత. ఈ వీడియో 18 నిండినవాళ్లకి, ఇంకా నిండనివాళ్లకి కూడా, అదెలాగో చెప్తా. ముందు ఓటరు కార్డుకి అప్లై చేద్దాం, అదే ఊపులో ఎల్‌ఎల్‌ఆర్, అంటే బండి నేర్చుకోవడానికి ఇచ్చే లర్నర్స్ లైసెన్స్, కూడా చూసేద్దాం. ఓటరు కార్డుకి పైసా ఖర్చు లేదు. ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. ఎల్‌ఎల్‌ఆర్‌కి మాత్రం ఫీజు ఉంటుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి, ఇదిగో, టేబుల్ మీద చూడండి. ఆధార్, టెన్త్ మెమో, పాస్‌పోర్ట్ ఫొటో, ఇంట్లో ఎవరిదో ఒకరి ఓటరు కార్డు. ఆధార్‌కి లింకైన ఫోన్ కూడా. ఆ నంబర్ నాన్నదైతే, ఆయన ఇంట్లో ఉన్నప్పుడే కూర్చోండి. ఆయన బయట ఉంటే ఓటీపీ కోసం పదిసార్లు ఫోన్ చేయాలి, తిట్లు కూడా పడతాయి. ఫైళ్ల సైజు 2 ఎంబీ దాటకూడదు. నేను ఏ కంప్రెసర్ యాప్ వాడను. ఫొటో తీసి వాట్సాప్‌లో నాకు నేనే పంపుకుని సేవ్ చేసుకుంటా. సైజు దానంతటదే తగ్గుతుంది. అక్షరాలు చదవడానికి వస్తున్నాయో లేదో ఒకసారి జూమ్ చేసి చూసుకోండి, చాలు.

సరే, సైట్ తెరిచా. ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ గవ్ డాట్ ఇన్. గవ్ డాట్ ఇన్ ఉందా లేదా చూడండి, అలాంటి పేర్లతో వేరే సైట్లు కూడా కనిపిస్తాయి. మొబైల్ నంబర్, ఓటీపీ, లాగిన్. ఇది మీకు తెలిసిందే. ఇక్కడ ఫారం 6, ఇదిగో. కొత్తగా పేరు ఎక్కించుకోవడానికి ఇదే. పక్కనున్న ఫారం 8 ఇప్పటికే ఓటున్నవాళ్లకి, తప్పులు దిద్దుకోవడానికి, అడ్రస్ మార్చుకోవడానికి. ఆ ఫారం 8 గురించి నాకు బాగా తెలుసు. ఎందుకో చెప్తా.

17 ఏళ్లవాళ్లు వెళ్లిపోకండి. ఇదివరకు జనవరి 1 ఒక్కటే లెక్క. ఆ రోజుకి 18 నిండాలి. జనవరి 2న పుట్టారంటే మళ్లీ జనవరి దాకా ఆగాల్సిందే. 2022 నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1, నాలుగు తేదీలు పెట్టారు. 17 నిండితే ముందే అప్లై చేసి పెట్టుకోవచ్చు. మీ తేదీ వచ్చినప్పుడు పరిశీలిస్తారు.

రాష్ట్రం, జిల్లా, అసెంబ్లీ నియోజకవర్గం... నెక్స్ట్.

ఇక్కడ ఆగండి. పేరు. ఈ వీడియో చేసిందే దీని కోసం.

ఇంగ్లిష్‌లో పేరు కొడుతున్నా. ఎస్, ఏ, ఆర్, ఐ, టీ, హెచ్, ఏ. మనవాళ్లం 'త'కి టీహెచ్ రాస్తాం కదా. ఇప్పుడు కింద తెలుగు బాక్స్ చూడండి. నేనేం కొట్టలేదు, దానంతటదే పడింది. మొదటిసారి అప్లై చేసినప్పుడు ఆ బాక్స్ వైపు నేను చూడనే లేదు. నెక్స్ట్, నెక్స్ట్ కొట్టుకుంటూ వెళ్లిపోయా. కార్డు వచ్చింది. ఇంగ్లిష్‌లో అంతా కరెక్ట్. తెలుగులో నా పేరు 'సరిథ'. 'త' కాదండీ, 'థ', కడుపులో చుక్కతో. తప్పు నాదే. మా తమ్ముడు ఇప్పటికీ 'సరిథక్కా' అనే పిలుస్తాడు. అప్పుడు నేర్చుకున్నా ఈ ఫారం 8 సంగతి.

కాబట్టి తెలుగు బాక్స్‌లో పడినదాన్ని అక్షరం అక్షరం చదవండి. తప్పుంటే చెరిపేసి మీరే కొట్టండి. నాన్న పేరు, వీధి, ఊరు కూడా అంతే. 'ల'కి 'ళ', 'న'కి 'ణ' తేడాలు అక్కడే దొర్లుతాయి. నేను ఫోన్ నోట్స్‌లో ఇవన్నీ తెలుగులో ముందే టైప్ చేసి పెట్టుకుంటా. ఇదిగో, కాపీ, పేస్ట్. అయిపోయింది.

ఇంకో చిక్కు ఇంటిపేరు. మన టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది. కొందరి ఆధార్‌లో చివరుంటుంది, కొందరికి ఒట్టి అక్షరమే. ఇక్కడేమో పేరుకి ఒక బాక్స్, ఇంటిపేరుకి ఇంకో బాక్స్. ఇంటిపేరు రెండో దాంట్లోనే వేయండి. స్పెల్లింగ్ మాత్రం ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే. ఆధార్‌లోనే తప్పుంటే ఈ ట్యాబ్ మూసేయండి. ముందు ఆధార్ సరిచేయించుకుని రండి. లేదంటే ఆ తప్పు ఒక్కో కార్డులోకీ పాకుతుంది.

మిగతాది తేలికే. పుట్టిన తేదీకి టెన్త్ మెమో అప్‌లోడ్. అడ్రస్‌కి ఆధార్. హాస్టల్లో ఉన్నవాళ్లు సొంతూళ్లో అయినా పెట్టుకోవచ్చు, హాస్టల్ అడ్రస్‌తో అయినా పెట్టుకోవచ్చు. రెండు చోట్లా మాత్రం వద్దు. తెలిసి తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. ఇంట్లోవాళ్ల ఓటరు కార్డు నంబర్ అడిగింది, చూశారా? మూడు అక్షరాలు, ఏడు అంకెలు. అమ్మ కార్డు చూసి కొట్టేస్తున్నా. క్యాప్చా... ఇది ఓ కాదు, సున్నా... ఆ, వచ్చింది. ప్రివ్యూలో తెలుగు మళ్లీ చదవండి. సబ్మిట్.

రిఫరెన్స్ నంబర్ వచ్చింది. బీఎల్‌ఓ, అంటే మీ బూత్ ఓటర్ల జాబితా చూసే ఉద్యోగి, ఇంటికి రావచ్చు, ఫోన్ చేయవచ్చు. తెలియని నంబర్ అని కట్ చేయకండి. ఇంకో మాట, చేతిలో కార్డు ఉంటే ఓటు ఉన్నట్టు కాదు, జాబితాలో పేరుండాలి. పేరుంటే కార్డు లేకపోయినా ఆధార్‌తోనో లైసెన్స్‌తోనో ఓటేయొచ్చు.

ఇక ఎల్‌ఎల్‌ఆర్, గబగబా. సారథి పరివాహన్ సైట్, రాష్ట్రం ఎంచుకోండి, లర్నర్స్ లైసెన్స్. ఆధార్ నంబర్ ఇచ్చి ఓటీపీ కొడితే పేరు, అడ్రస్ అక్కడి నుంచే వచ్చేస్తాయి. అందుకే ఇందాక ఆధార్ అని అంతగా చెప్పింది. బైక్, కారు రెండూ ఇప్పుడే టిక్ పెట్టేయండి. ఫీజు, స్లాట్, రోడ్డు గుర్తుల మీద టెస్ట్. 16 ఏళ్లకే లైసెన్స్ ఇస్తారట కదా అని కామెంట్లలో అడుగుతుంటారు. అది గేర్లు లేని, 50 సీసీ లోపు బండ్లకే, అదీ అమ్మానాన్నల సంతకంతో. మీ ఇంట్లో ఉన్న స్కూటీ 50 సీసీ దాటే ఉంటుంది, ఆర్సీ తీసి చూడండి.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు పనిచేస్తుంది. 30 రోజులు దాటాక డ్రైవింగ్ టెస్ట్‌కి స్లాట్ తీసుకోవచ్చు. నేనైతే ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన రోజే ఫోన్‌లో రెండు అలారాలు పెట్టుకున్నా, ఒకటి 31వ రోజుకి, ఇంకోటి ఐదో నెలకి. ఈలోపు బండికి తెల్ల బోర్డు మీద ఎర్ర ఎల్. కారు నేర్చుకుంటుంటే పక్క సీట్లో లైసెన్స్ ఉన్న మనిషి ఉండాల్సిందే.

ఇందాక రిఫరెన్స్ నంబర్ స్క్రీన్‌షాట్ తీశారా? తీయలేదు కదా. వెనక్కి వెళ్లి తీసుకోండి, నేను ఇక్కడే ఉంటా.