ఒక్కరికి ఒక్కరే మాస్టారు

శ్రోతలందరికీ నమస్కారమండి. ఇవాళ కరాటే గురించి మాట్లాడతాను. అందులోనూ మాస్టారు ఒక్కరు, నేర్చుకునేవాళ్లు ఒక్కరు, ఇద్దరే ఉండి సాగే క్లాసు గురించి. ఈ మధ్య మన టౌన్లలో పొద్దున్నే అపార్ట్‌మెంట్ మేడల మీద ఇలాంటి క్లాసులు బాగానే కనపడుతున్నాయి, పిల్లలకే కాదు, నలభై దాటినవాళ్లు, నైట్ షిఫ్ట్ చేసి ఒంటరిగా ఇంటికొచ్చే అమ్మాయిలు, నలుగురి ముందు కాలెత్తాలంటే మొహమాటపడేవాళ్లు, అందరూ మాస్టర్‌ని ఇంటికే పిలిపించుకుంటున్నారు. ఇది చూసి కొందరు డబ్బున్నవాళ్ల సరదా అని కొట్టిపారేస్తారు, కరాటే అంటే గ్రౌండ్‌లో వరసగా నిలబడి అందరూ ఒక్కసారి అరుస్తూ చేసేదే కదా అంటారు. ఆ వరసలు తర్వాత వచ్చాయండి. ముందున్నది ఇద్దరి క్లాసే.

కరాటే పుట్టింది జపాన్‌కి దక్షిణాన ఉన్న ఒకినావా దీవిలో. 1868లో అక్కడి షురిలో పుట్టిన ఫునాకోషి గిచిన్ అనే ఆయన చిన్నప్పుడు ఒంట్లో బలం లేక నీరసంగా ఉండేవారట. స్కూల్లో తన తోటి పిల్లాడి నాన్న అజాటో అంకో కరాటేలో అందె వేసిన చెయ్యి. ఆ రోజుల్లో కరాటేని బాహాటంగా నేర్పేవాళ్లు కాదు, అందుకని ఈయన చీకటి పడ్డాక చిన్న లాంతరు పట్టుకుని నడుచుకుంటూ అజాటో గారింటికి వెళ్లేవారు. పెరట్లో ఈయన ఒక్కరే కటా చేస్తుంటే గురువుగారు కూచుని చూసేవారు. కటా అంటే దెబ్బలు, కాపుకోవడాలు, అడుగులు ఒక వరసలో కూర్చిన సాధన. ఆ ఒక్క కటానే వారాలకి వారాలు, ఒక్కోసారి నెలలు. గురువుగారు మళ్లీ చెయ్యమనడం, ఇంకొంచెం అనడం, అంతకుమించి పెద్దగా మాట్లాడేవారు కాదు. ఆయనకి నచ్చేదాకా ఇంకోటి నేర్పేది లేదు.

తర్వాత 1900ల మొదట్లో ఇటోసు అంకో అనే ఇంకో గురువు దీన్ని ఒకినావా స్కూళ్లలోకి తీసుకెళ్లారు, అంతమంది పిల్లలకి ఒకేసారి చెప్పాలి కాబట్టి వరసలు, కౌంటింగు అలా పెరిగాయి. 1922లో ఫునాకోషి టోక్యో వెళ్లి ప్రదర్శన ఇచ్చి అక్కడే ఉండిపోయి నేర్పడం మొదలుపెట్టాక ఇది జపాన్ అంతా పాకింది, అక్కడి నుంచి ప్రపంచం మీద పడి మన వీధి చివర స్కూల్ గ్రౌండ్ దాకా వచ్చింది. మంచిదే, అలా కాకపోతే మనదాకా వచ్చేదే కాదు. కాకపోతే ఆ పెరట్లో గురువు చూపు శిష్యుడొక్కడి మీదే ఉండేది కదా, అది మాత్రం వరసల్లో పలచబడిపోయింది.

ఆ చూపు వల్ల ఏమొస్తుందో చెప్తాను. పిడికిలితో కొట్టడం తీసుకోండి. కొత్తగా వచ్చినవాళ్లు బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగిస్తారు, అలా దేన్నైనా గట్టిగా కొడితే విరిగేది మన వేలే. అది సర్దుకున్నాక మణికట్టు దగ్గర వస్తుంది తంటా. దెబ్బ తగలాల్సింది చూపుడు వేలు, మధ్య వేలు మొదట్లో ఉండే రెండు కణుపుల మీద, దాని వెనక మణికట్టు, ముంజేయి ఒక్క గీతలో ఉండాలి. చాలామందికి మణికట్టు లోపలికి కొంచెం వంగుతుంది. గాల్లోకి కొట్టినన్నాళ్లూ ఏమీ అవదు, మాస్టారు చేతికి ప్యాడ్ తొడుక్కుని ఎదురుగా నిలబడి కొట్టమన్నప్పుడు చురుక్కుమంటుంది, అప్పుడు ఆయన మన చెయ్యి అక్కడే ఆపించి, కణుపులు సరిచేసి, వెనక్కి వెళ్లి మడమ చూస్తారు, ఎందుకంటే వెనక కాలి మడమ లేచిపోయి నడుం తిరగకపోతే ఆ దెబ్బలో ఉండేది భుజం బలం ఒక్కటే. ముప్పైమంది ఉన్న బ్యాచ్‌లో ఎంత మంచి మాస్టరైనా ఒక్కొక్కరి మడమ దాకా రాలేరు, అది ఆయన తప్పు కాదు. కానీ అక్కడ పడిన వంకర ఒంటికి అలవాటైపోతే, బెల్టు రంగులు మారినా అది మాత్రం అలాగే ఉండిపోతుంది.

అందుకే నా మటుకు నేను గట్టిగా చెప్తాను, మొదటి కొన్ని నెలలు వీలుంటే మాస్టారి దగ్గర మీరొక్కరే నేర్చుకోండి. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకి, బాగా పెద్ద వయసువాళ్లకి, గుంపులో సరిగా వినిపించక వెనకబడే పిల్లలకి అయితే ఇది మరీ మంచిది. మాస్టారు మనకి తగ్గట్టు కాలు ఎత్తు తగ్గిస్తారు, కిందపడ్డం ముందు నేర్పిస్తారు. కిందపడ్డం నేర్పని మాస్టర్ దగ్గరికి అసలు వెళ్లకండి! గడ్డం గుండెకి ఆనించి, తల నేలకి తగలకుండా, అరచేయీ ముంజేయీ మ్యాట్ మీద చాచి కొడుతూ పడాలి, ఎదుటివాళ్లని పట్టుకుని పడేసే జపాన్ విద్య జూడోలో అయితే మొదలే దీంతో. ఏ గొడవా లేకపోయినా రేపు బాత్రూంలో జారితే పనికొచ్చేది ఇదే.

అయితే దీనికో హద్దుంది. రోజూ ఒక్క మాస్టర్‌తోనే చేస్తే ఆయన ఎత్తు, ఆయన వేగం, ఆయన కొట్టే తీరు మనకి అలవాటైపోతాయి, పైగా ఆయన మనకి దెబ్బ తగలకుండా చూసుకుంటారు. బయట ఎవరూ అలా చూసుకోరు కదా. జూడోని తయారుచేసిన కానో జిగోరో 1882లో టోక్యోలో ఒక గుళ్లో పన్నెండు చాపలు పట్టేంత గదిలో తొమ్మిదిమంది శిష్యులతో మొదలుపెట్టినప్పుడు రండోరికి, అంటే ముందే అనుకోకుండా ఇద్దరూ ఒకరినొకరు పడేయడానికి ప్రయత్నించే సాధనకి, పెద్ద పీట వేశారు. దానికి రకరకాల మనుషులు కావాలి, బరువున్నవాళ్లు, సన్నగా ఉన్నవాళ్లు, మొండివాళ్లు.

మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ది బాక్సింగ్, కరాటే కాదు, కానీ ఇక్కడ చెప్పుకోవాల్సిందే. ఆమెకి బాక్సింగ్ పరిచయం చేసి మొదట ట్రైనింగ్ ఇచ్చింది వాళ్ల నాన్నగారే. తర్వాత 2009లో విశాఖపట్నంలో స్పోర్ట్స్ అథారిటీ సెంటర్‌కి వెళ్లి ఐ.వి.రావు గారి దగ్గర నేర్చుకున్నారు. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యారు, 2023లో ఢిల్లీలో మళ్లీ. మొదలు ఇంట్లో మనిషి చేతుల మీద జరిగింది, ఆ తర్వాత నలుగురిలోకి వెళ్లాల్సి వచ్చింది, ఈ రెండూ లేకుండా ఆ మెడల్స్ లేవు.

ఇంక ఇంటికి మాస్టర్‌ని పెట్టుకునేవాళ్లకి. పిల్లలకైతే క్లాసు జరిగినంతసేపూ పెద్దవాళ్లు ఎవరో ఒకరు కనపడేంత దూరంలో కూచోండి, తలుపులేసిన గదిలో వద్దు. పద్ధతైన మాస్టర్ దీనికేమీ అనుకోరు, ఆయనే అడుగుతారు కూడా. చెయ్యో నడుమో పట్టుకుని సరిచేసే ముందు చెప్పి పట్టుకోవాలి, అది పెద్దవాళ్లకైనా అంతే. ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఇప్పటికీ తను సాధన చేస్తున్నారా అడగండి, అడిగితే తప్పేం లేదు. ఇన్ని నెలల్లో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ అన్నవాళ్లకి దూరంగా ఉండండి.

ఫీజు ఎక్కువనిపిస్తే ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టుకోవచ్చు, అక్కచెల్లెళ్లు, పక్కింటివాళ్లు, అప్పుడు స్పారింగ్‌కి, అంటే ఎదురెదురుగా తలపడే సాధనకి, మనిషి కూడా దొరికినట్టే. అది కుదరకపోతే, చాలామంది మాస్టర్లకి సాయంత్రం బ్యాచ్ ఒకటి ఉంటుంది కదా, వారానికొకసారి నన్ను అక్కడికి రానివ్వండి అని మొదటి రోజే అడిగి పెట్టుకోండి.